ఎదురెదురుగా కూర్చుంటే గాయం మానుతుందా?

దొంగలు పడ్డ ఇంటికి పరామర్శకు వెళ్తే పోయిన నగల గురించి వాళ్లు చెప్పేది కాసేపే. ఆ తర్వాత వచ్చేవన్నీ ప్రశ్నలు. వీధిలో ఇన్ని ఇళ్లుండగా మా ఇల్లే ఎందుకు? మేం ఊళ్లో లేమని వాడికెవరు చెప్పారు? పిల్లల గదిలోకి కూడా వెళ్లాడా? మళ్లీ వస్తాడా? వీటికి జవాబు తెలిసిన మనిషి ఒక్కడే ఉంటాడు. పోలీసులు అతన్ని పట్టుకున్నా, కోర్టు శిక్ష వేసినా, ఆ జవాబులు ఈ ఇంటికి చేరవు. అతని తరఫున వకీలు మాట్లాడతాడు, ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటర్ మాట్లాడతాడు. నష్టపోయిన మనిషి పి.డబ్ల్యు.1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, అవుతాడు. వాయిదాలన్నీ తిరిగి, పిలిచినప్పుడు బోనెక్కి, అడిగినంతవరకే చెప్పి దిగిపోవాలి.

నార్వే నేరశాస్త్రజ్ఞుడు నిల్స్ క్రిస్టీ 1977లో దీన్ని సూటిగా అన్నాడు. తగాదా అందులో చిక్కుకున్నవాళ్ల సొత్తు, దాన్ని వకీళ్లూ ప్రభుత్వమూ వాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నాయన్నది ఆయన వాదన. పునరుద్ధరణ న్యాయం అని మనం పిలుస్తున్న ఆలోచనకు ఇది ఒక పునాది. ఏ సెక్షన్, ఎన్నేళ్లు అని అడిగే కోర్టు పక్కనే ఇది మరికొన్ని ప్రశ్నలు పెడుతుంది: దెబ్బ తగిలింది ఎవరికి, వాళ్లకిప్పుడు కావలసిందేమిటి, అది తీర్చాల్సిన బాధ్యత ఎవరిది? 1990లో హోవార్డ్ జెర్ రాసిన ‘చేంజింగ్ లెన్సెస్’తో ఈ ప్రశ్నలు అమెరికాలో విస్తృతంగా చర్చకొచ్చాయి.

ఆ ప్రశ్నల కోసం బాధితుల్నీ నేరం చేసినవాళ్లనూ ఒక సమావేశంలో ఎదురెదురుగా కూర్చోబెట్టే ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. దాన్ని పశ్చాత్తాపం, క్షమ, కన్నీళ్ల కథగా చెప్పే అలవాటుతోనే నాకు పేచీ. యాభై ఏళ్ల అనుభవాన్నీ, అందులో గట్టిగా నిలిచిన పరిశోధనల్నీ వరసగా చూస్తే, బాధితుల మనసు కుదుటపడటానికి క్షమించడంతో పెద్దగా సంబంధం కనపడదు. నేరం జరిగిన క్షణంలో తమ చేయి జారిపోయిన పట్టు తిరిగి చిక్కినచోట వాళ్లు తేరుకున్నారు. ఆ పట్టు చిక్కనిచోట, సమావేశం ఎంత చక్కగా జరిగినా, ఇంకా కుంగిపోయారు.

అందరూ చెప్పుకునే మొదటి ఉదాహరణ కెనడాది. 1974లో ఒంటారియో రాష్ట్రంలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఒక రాత్రి తాగి ఊరిమీద పడ్డారు. కార్ల టైర్లు కోశారు, కిటికీల అద్దాలు పగలగొట్టారు, 22 చోట్ల ధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ, అతనితో పనిచేసే డేవ్ వర్త్ కలిసి వీళ్లను బాధితుల ఇళ్లకు తీసుకెళ్తామని ప్రతిపాదిస్తే జడ్జి ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరూ ఒక్కో గుమ్మం తట్టి, చేసింది మేమేనని చెప్పి, నష్టమెంతో అడిగి రాసుకున్నారు. కొన్ని నెలల్లో పరిహారం కట్టేశారు. ఆ అనుభవంలోంచే కిచెనర్ పట్టణంలో బాధితుల్నీ నేరస్థుల్నీ కలిపే కార్యక్రమం పుట్టింది.

ఈ కథలో సాధారణంగా ఎవరూ ఆగి చూడని సంగతి ఒకటుంది. గుమ్మం తెరిచిన మనిషిని ముందుగా ఎవరూ సిద్ధం చేయలేదు. తలుపు తీసేసరికి తన కారు టైర్లు కోసినవాడు ఎదురుగా ఉన్నాడు. నష్టం టైర్లూ అద్దాలూ కాబట్టి సరిపోయింది. అదే గుమ్మం వెనక చావుదెబ్బలు తిన్న మనిషి ఉంటే ఏమయ్యేది? తర్వాత పుట్టిన మంచి కార్యక్రమాలన్నీ ఈ లోటును పూడ్చుకోవడానికి చేసిన ప్రయత్నాలే.

ఎదురెదురుగా కూర్చునే ఇద్దరికీ జ్ఞాపకం ఒక్కటి కాదు. రాయ్ బామైస్టర్ బృందం 1990లో చేసిన అధ్యయనంలో ఒకే మనిషిని రెండు సంఘటనలు రాయమన్నారు: మరొకరు తనకు కోపం తెప్పించినది ఒకటి, తాను మరొకరికి కోపం తెప్పించినది ఒకటి. బాధపడ్డవాడిగా రాసినప్పుడు కథ చాలా ముందు మొదలై ఇప్పటికీ సాగుతూ ఉంటుంది, ఎదుటివాడు చేసిన పనికి అర్థం కనపడదు. బాధపెట్టినవాడిగా రాసినప్పుడు అదే మనిషికి కారణాలు దొరుకుతాయి, అది ఎప్పుడో అయిపోయిన ముచ్చటవుతుంది. రాసింది ఒకే చెయ్యి. ఇక నేరంలో రెండు పక్షాల మధ్య ఆ దూరం ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. జరిగిందేదో జరిగిపోయింది అని ఒకరు అంటున్నప్పుడు అది ఇంకా జరుగుతూనే ఉంది అని రెండోవారు అనుభవిస్తుంటారు.

అవసరాలూ వేరే. ఇజ్రాయెల్ పరిశోధకులు నూరిట్ ష్నాబెల్, ఆరీ నాడ్లర్ 2008లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం బాధితులు పోగొట్టుకునేది తమ జీవితం తమ చేతిలో ఉందన్న నమ్మకం. నేరం చేసినవాడు పోగొట్టుకునేది నలుగురిలో మంచివాడన్న పేరు. ఒకరికి తిరిగి బలం కావాలి, మరొకరికి తిరిగి ఆమోదం కావాలి. నేను చేసింది తప్పు, నీకు నేను బాకీ అని అతనన్నప్పుడు బలం వీరి వైపు మొగ్గుతుంది, ఎందుకంటే ఆ బాకీ మాఫీ చేయాలో వద్దో ఇక వీరి ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎవరైనా ముందే లాగేసుకుని, పోనీలే క్షమించేయండి అన్నారంటే, ఆమోదం అతనికి దక్కుతుంది, బలం మాత్రం వీరికి తిరిగి రాదు.

ఇప్పుడు ఆ గదిలోకి వెళ్దాం. న్యూజీలాండ్ 1989లో పిల్లల నేరాల విచారణకు కుటుంబ సమావేశాలను చట్టంలో పెట్టింది. మావోరీల సంప్రదాయం నుంచి చాలా తీసుకున్న చట్టం అది. దాన్ని చూసి ఆస్ట్రేలియాలోని వాగా వాగా పట్టణ పోలీసులు 1991లో తమ తరహా సమావేశం మొదలుపెట్టారు, ఇప్పటికీ చాలా దేశాల్లో నడుస్తున్నది దాదాపు అదే. కుర్చీలు గుండ్రంగా వేస్తారు, మధ్యలో బల్ల ఉండదు. నేరం చేసిన కుర్రాడి పక్కన అతని తల్లో తండ్రో, లేదా అతను గౌరవించే మాస్టారో కూర్చుంటారు. బాధితుల పక్కనా వాళ్లకు కావలసినవాళ్లు ఉంటారు. మొదట మాట్లాడాల్సింది కుర్రాడే: ఏం జరిగింది, అప్పుడు నీ మనసులో ఏముంది, ఆ పనివల్ల ఎవరెవరికి దెబ్బ తగిలింది? అతను చెప్పాకే బాధితుల వంతు. తర్వాత వాళ్ల ఇంటివాళ్లు, ఆపైన ఇతని ఇంటివాళ్లు. కిందికి చూస్తూ ముక్తసరిగా జవాబులిచ్చిన పిల్లవాడు చాలాసార్లు కదిలేది తన తల్లి నోరు విప్పినప్పుడే. ఏం చేయాలన్నది చివర్లో మాట్లాడుకుంటారు. ఒప్పందం కాగితం మీదికి ఎక్కేలోగా టీ, బిస్కెట్లు ఇస్తారు. సమన్వయకర్త రాసుకుంటూ ఉండగా, ఎవరూ నడిపించని ఆ పావుగంటలో, రెండు పక్షాలూ మామూలు మనుషుల్లా నాలుగు మాటలు అనుకుంటాయి. అనుభవమున్న సమన్వయకర్తలు ఈ విరామాన్ని కావాలనే తొందరపెట్టరు.

కుర్రాడిలో అప్పుడు ఏం జరుగుతుందన్నదానికి ఆస్ట్రేలియా సామాజికశాస్త్రజ్ఞుడు జాన్ బ్రైత్‌వైట్ 1989లో ఒక సిద్ధాంతం చెప్పాడు. సిగ్గుపడేలా చేయడంలో రెండు రకాలున్నాయి: మనిషిని వెలివేసేది, చేసిన పనిని తప్పుపట్టి మనిషిని మాత్రం దగ్గరికి తీసుకునేది. మొదటిది నేరాన్ని పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. మనస్తత్వశాస్త్రం తర్వాత దీన్ని కొంచెం సరిదిద్దింది. జూన్ టాంగ్నీ బృందం అమెరికా జైల్లోని 476 మందిని విడుదల తర్వాత కూడా గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నేను చేసిన పని చెడ్డది అన్న అపరాధభావం బలంగా ఉన్నవాళ్లు మళ్లీ నేరం చేయడం తక్కువ. నేనే చెడ్డవాణ్ని అన్న సిగ్గు మాత్రం రెండు దారులు పట్టింది. ఆ సిగ్గు ఎదుటివాళ్ల మీద నెపంగా మారినప్పుడు నేరం పెరిగింది, మారనప్పుడు మళ్లీ నేరానికి అడ్డు కూడా పడింది. అందుకే సమావేశంలో తల్లి కన్నీళ్లకూ, బంధువులంతా కలిసి తిట్టిపోయడానికీ మధ్య తేడా చాలా పెద్దది. తిట్లు తిన్న కుర్రాడు ఇంటికి వెళ్లి, అవతలివాళ్లే నన్ను రెచ్చగొట్టారని కథ అల్లుకోవడం ఎంతసేపు?

ఇక లెక్కల సంగతి. హెదర్ స్ట్రాంగ్, లారెన్స్ షెర్మన్ 1995 నుంచి 2000 దాకా కాన్‌బెరాలో జరిపిన ప్రయోగాల్లో కేసులను లాటరీ పద్ధతిలో కొన్నిటిని కోర్టుకు, కొన్నిటిని సమావేశానికి పంపారు. సమావేశానికి వెళ్లిన కేసుల్లో 72 శాతం బాధితులకు క్షమాపణ అందింది, కోర్టుకు వెళ్లినవాటిలో 19 శాతానికే. అవకాశం దొరికితే వాడికి హాని చేస్తామని అన్నవాళ్లు, కోర్టుకు వెళ్లిన హింస కేసుల బాధితుల్లో దాదాపు సగం మంది. సమావేశం వైపు అది పదిమందిలో ఒకరు. పగ అంత దిగిపోవడం చిన్న సంగతి కాదు. లండన్‌లో దోపిడీ, ఇంటిదొంగతనం బాధితులతో చేసిన ప్రయోగంలో కెరోలైన్ ఏంజెల్ బృందం పీటీఎస్‌డీ (దారుణ అనుభవం తర్వాత మనసులో మిగిలే గాయం) లక్షణాలు కొలిచింది. వైద్యం అవసరమయ్యే స్థాయిలో బాధపడుతున్నవాళ్లు, సమావేశంలో కూర్చున్నవాళ్లలో దాదాపు సగానికి సగం తక్కువగా తేలారు. అది స్వల్పకాలపు ఫలితమని వాళ్లే చెప్పారు. 2013లో ఇలాంటి 10 ప్రయోగాలను, 1,880 మంది నేరస్థులను కలిపి చూసిన క్యాంప్‌బెల్ సమీక్షలో మళ్లీ నేరాలు చేయడం కొంత తగ్గింది. తగ్గుదల మరీ పెద్దది కాదు. అయితే ఆస్తి నేరాల్లో కంటే హింసాత్మక నేరాల్లో ఎక్కువగా కనిపించింది.

చిన్న నేరాలకే ఇది తగినదని అనుకునేవాళ్లకు ఆ చివరి మాట ఆశ్చర్యం. నాకు అది సహజంగానే తోస్తుంది. ఈ పద్ధతిలో మందు బాధితుల ముఖమే. దెబ్బ ఎంత లోతైతే ఆ ముఖం అంత మాట్లాడుతుంది. కాన్‌బెరాలోనే మద్యం తాగి బండి నడిపిన కేసుల్లో ఎదురుగా కూర్చునే బాధితులెవరూ లేరు. అక్కడ సమావేశాలవల్ల తర్వాతి నేరాలు తగ్గలేదు, కొద్దిగా పెరిగాయి కూడా. ఆస్ట్రేలియా ఆదివాసీ కుర్రాళ్ల విషయంలోనూ, సంఖ్య చిన్నదే అయినా, ఫలితం ఎదురు తిరిగింది. తరతరాలుగా తమను వేధించిన పోలీసు యూనిఫారమే అక్కడ సమావేశం నడిపింది. ఆ గుండ్రని కుర్చీల్లో అందరూ సమానమని ఆ కుర్రాళ్లు ఎలా నమ్మగలరు?

కాన్‌బెరా ఫలితాల్లో అందరూ తెలుసుకోవాల్సింది, కానీ తక్కువగా ప్రచారమైంది ఇంకొకటుంది. అందరికంటే అసంతృప్తితో మిగిలినవాళ్లు కోర్టుకు వెళ్లినవాళ్లు కారు. సమావేశం ఉంటుందని మాటిచ్చి, తీరా జరపని కేసుల బాధితులు. నేరం జరిగినప్పుడు ఒకసారి చేయి జారిన పట్టు, వ్యవస్థ మాట తప్పడంతో రెండోసారి జారింది. మన దగ్గర ఇలాంటి కార్యక్రమం ఏ శాఖ మొదలుపెట్టినా ముందు గోడకు అంటించుకోవాల్సిన ఫలితం ఇది.

క్షమాపణ విషయానికొస్తే, దాన్ని చెప్పినవాళ్లూ విన్నవాళ్లూ ఒకేలా అర్థం చేసుకోరు. కాథలీన్ డేలీ నాయకత్వంలో 1998లో దక్షిణ ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనంలో నేరం చేసిన పిల్లల్లో సగానికి పైగా నిజంగా బాధపడే చెప్పామన్నారు. బాధితుల్లో అది నమ్మినవాళ్లు మూడోవంతు కూడా లేరు. పెద్దగా గాయపడనివాళ్లు త్వరగా తేరుకున్నారు, లోతుగా గాయపడ్డవాళ్లకు ఒక్క సమావేశం చాలలేదు. డేలీ ఈ పద్ధతికి శత్రువు కాదు, అందుకే ఆమె హెచ్చరికకు విలువెక్కువ.

అయితే పగ తీర్చుకుంటే మనసు చల్లబడుతుందా అంటే అదీ లేదు. కెవిన్ కార్ల్‌స్మిత్ బృందం 2008లో డబ్బుతో ఆడించిన ఆటలో, మోసం చేసినవాణ్ని శిక్షించే అవకాశం దొరికినవాళ్లు, దొరకనివాళ్ల కంటే ఎక్కువ బాధతో మిగిలారు. శిక్షించాక అతని గురించే తలచుకుంటూ ఉండిపోయారు. ముందుగా ఊహించి చెప్పమన్నవాళ్లేమో శిక్షిస్తే హాయిగా ఉంటుందనే అనుకున్నారు. జర్మనీకి చెందిన మారియో గోల్విట్సర్ ప్రయోగాలు దీన్ని ఇంకొంచెం విడమరిచాయి. ఎందుకు దెబ్బ తిన్నానో అవతలివాడికి అర్థమైందని తెలిసినప్పుడే ప్రతీకారంలో తృప్తి ఉంటుంది. అర్థమవడమే కోరుకున్నది. దానికి శిక్ష ఒక దారి, సంభాషణ ఇంకొక దారి. సంభాషణ దారిలో జవాబు నేరుగా చెవిన పడుతుంది.

ఒక వ్యక్తి గాయం దాటి, ఒక జాతి గాయం దగ్గరికి వెళ్తే దృశ్యం మారిపోతుంది. దక్షిణాఫ్రికా సత్య, సయోధ్యల కమిషన్ ముందు 1996 నుంచి వేలమంది సాక్ష్యమిచ్చారు. ఆ సాక్ష్యాలు దేశ చరిత్రకు చేసిన మేలు తక్కువది కాదు. కానీ డెబ్రా కమినర్ బృందం 2001లో చూస్తే, సాక్ష్యం ఇచ్చినవాళ్ల మానసిక ఆరోగ్యానికీ ఇవ్వనివాళ్ల ఆరోగ్యానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రువాండాలో జాతిహత్య తర్వాత నడిచిన గచాచా ఊరి కోర్టుల్లో సాక్ష్యం చెప్పినవాళ్లలో కుంగుబాటు, పీటీఎస్‌డీ ఎక్కువగా ఉన్నట్టు కరేన్ బ్రూనేయస్ 2010లో చూపింది. సియెర్రా లియోన్ అధ్యయనం నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది. అంతర్యుద్ధం తర్వాత ఫంబుల్ టోక్ అనే సంస్థ ఊళ్లలో నెగడు చుట్టూ బాధితుల్నీ, హింసించినవాళ్లనూ కూర్చోబెట్టింది. 200 గ్రామాల్లో లాటరీ పద్ధతిలో జరిపిన ఆ పరిశీలన 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. సమావేశాలు జరిగిన ఊళ్లలో క్షమ పెరిగింది. ఇరుగుపొరుగు స్నేహాలు పెరిగాయి, ఊరి పనులకు చందాలు పెరిగాయి. అదే సమయంలో కుంగుబాటు, ఆందోళన, పీటీఎస్‌డీ కూడా పెరిగాయి. రెండున్నరేళ్ల తర్వాత కూడా ఆ బరువు దిగలేదు.

క్షమ పెరిగింది, క్షమించినవాళ్ల ఆరోగ్యం దిగజారింది. ఊరు బాగుపడింది, ఆ ఖర్చు గాయపడ్డవాళ్లే పెట్టుకున్నారు. లండన్‌లో మేలు చేసిన పద్ధతి అక్కడ ఎందుకు హాని చేసింది? లండన్‌లో సమన్వయకర్త ముందుగానే రెండు పక్షాలనూ విడివిడిగా కలిసి, ఎవరెవరు వస్తారో, ఎలాంటి మాటలు వినాల్సి రావచ్చో చెప్పి సిద్ధం చేస్తాడు. వద్దనుకుంటే చివరి నిమిషంలోనైనా మానుకోవచ్చు. సియెర్రా లియోన్ ఊళ్లలో జరిగింది ఊరంతా చూస్తుండగా, ఒక్కసారి, ఆ తర్వాత మనిషి మనసు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు లేకుండా. పాత గాయం రేగింది, దాన్ని కడిగి కట్టు కట్టేవాళ్లు లేరు.

ఇదంతా మన తెలుగు ఊళ్లకు ఎందుకంటే, కూర్చోబెట్టి మాట్లాడించడం మనకు కొత్త కాదు. పెద్దమనుషుల పంచాయతీలు, కుల పంచాయతీలు, తప్పు కట్టించడాలు, పోలీస్ స్టేషన్‌లో భార్యాభర్తలకు కౌన్సెలింగ్‌లు, లోక్ అదాలత్ రోజున రాజీలు, అన్నీ ఉన్నాయి. వీటిని చూపి పునరుద్ధరణ న్యాయం మన రక్తంలోనే ఉందనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అరుగు మీద కూర్చున్న పెద్దలది ఏ కులమో, ఎదుట నిలబడ్డవాళ్లది ఏ కులమో చూడండి. కొట్టిన భర్తతో సర్దుకుపొమ్మని చెప్పించుకుని అదే గుమ్మంలోకి తిరిగి వెళ్లే భార్యకు, వద్దనే హక్కు ఎంతవరకు ఉందో చూడండి. చుండూరులో 1991లో ఎనిమిది మంది దళితులను చంపాక బాధితులు పట్టుబట్టింది రాజీ కోసం కాదు, ప్రత్యేక కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని. అది సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి జీవిత ఖైదు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. అయినా తమ వాడలో, తమ కళ్లెదుట విచారణ కావాలన్న ఆ పట్టుదలలో నాకు కనిపించేది ఈ వ్యాసమంతా చెబుతున్న అవసరమే. చిక్కాల్సిన పట్టు వాళ్లకు కోర్టు ద్వారా కావాలనిపించింది. అది వాళ్ల ఎంపిక.

ఎంపిక లేని కలయిక ఎలా ఉంటుందో 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఇండోర్ బెంచి ఉత్తర్వులో చూశాం. పొరుగింట్లోకి చొరబడి మహిళ మీద లైంగిక దాడికి పాల్పడ్డాడన్న నిందితుడికి బెయిల్ షరతు ఇది: రాఖీ పండగనాడు భార్యతో కలిసి, మిఠాయి పెట్టెతో ఆమె ఇంటికి వెళ్లి, రాఖీ కట్టించుకుని, రక్షిస్తానని మాటివ్వాలి, ఆనవాయితీగా 11,000 రూపాయలు ఇవ్వాలి. కలయిక ఉంది, పరిహారం ఉంది, సంప్రదాయం ఉంది. ఆమె ఇష్టం మాత్రం ఎక్కడా లేదు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. అత్యాచార కేసుల్లో రాజీ మాటే వద్దని అదే కోర్టు 2015లోనూ గట్టిగా చెప్పింది.

అలాగని లైంగిక నేరాల్లో ఈ తలుపు పూర్తిగా మూసేయాలా అన్నది నాకింకా తేలని ప్రశ్న. బాలనేరస్థుల లైంగిక నేరాల కేసులు 385 డేలీ పరిశీలిస్తే, కోర్టుకు వెళ్లినవాటిలో దాదాపు సగం వీగిపోయాయి లేదా ఉపసంహరించుకున్నారు. సమావేశానికి వెళ్లాలంటే ముందే నేరం ఒప్పుకోవాలి, కనీసం ఆ ఒప్పుకోలైనా బాధితులకు దక్కింది. అధికారం సమానంగా లేనిచోట ఒప్పుకోలు కూడా నటన కావచ్చునన్న అనుమానం నన్ను వదలదు.

మనదేశంలో మనసును కదిలించిన కలయికలు, క్షమలు వ్యవస్థ బయటే జరిగాయి. 2008లో ప్రియాంక గాంధీ వేలూరు జైలుకు వెళ్లి, తన తండ్రి రాజీవ్ గాంధీ హత్య కేసులో శిక్ష అనుభవిస్తున్న నళినిని కలిశారు. వెళ్లమని ఆమెను ఎవరూ అడగలేదు, కెమెరాలూ లేవు. 1999లో ఒడిశాలో భర్తను, ఇద్దరు చిన్న కొడుకులను సజీవదహనంలో పోగొట్టుకున్న గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానన్నారు. చట్టం తన పని తాను చేయడం వేరే సంగతన్నది కూడా ఆమె స్పష్టంగానే ఉంచారు. క్షమ ఆమె సొంతం, శిక్ష రాజ్యం పని. ఈ రెంటినీ కలిపేసి, ఆమె క్షమించింది కదా, కేసెందుకు అనే గొంతులు మన ఊళ్లలో రోజూ వినిపిస్తాయి.

ప్రయత్నం మొదలుపెట్టదగ్గ చోటు నాకు జువెనైల్ జస్టిస్ బోర్డు అనిపిస్తుంది. 2015 చట్టం కింద బోర్డు కౌన్సెలింగ్, సమాజసేవ, జరిమానా, ప్రొబేషన్ లాంటి ఉత్తర్వులు ఇవ్వగలదు. అవన్నీ పిల్లవాణ్ని దృష్టిలో పెట్టుకున్నవి. వాడు ఫోను లాక్కున్న మనిషి, వాడి చేతిలో తలపగిలిన మనిషి ఆ గదిలో ఉండరు. దొంగతనం, చిన్న దెబ్బలాట కేసుల్లో ఆ మనిషిని ముందుగా ఇంటిదగ్గర కలిసి, కావాలంటేనే తీసుకొచ్చి, తర్వాత నెలల తరబడి కనిపెట్టుకుని ఉండే సమన్వయకర్తలు కావాలి. ఉన్న ప్రొబేషన్ అధికారికే ఇంకో రిజిస్టరు ఇస్తే అయ్యే పని కాదు.

రానన్న మనిషి సంగతి కూడా ఆలోచించాలి. లండన్ ప్రయోగంలో రెండు పక్షాలూ ఒప్పుకున్నాకే లాటరీ వేశారు కాబట్టి, మేలు జరిగిందన్న లెక్కలు సరేనన్నవాళ్లవే. వద్దని తలుపేసుకున్న మనిషికీ ఆ మొదటి ప్రశ్నలు ఉంటాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు పోలీసులు తెలియజేయాలి, 396వ సెక్షన్ కింద పరిహార పథకం ఉండాలి. సమావేశానికి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇవి దక్కాలి. దొంగ దొరికాడో లేదో తెలుసుకోవడానికి స్టేషన్ చుట్టూ తిరుగుతున్న కుటుంబాన్ని, ముందు అతనితో మాట్లాడతారా అని అడగడం న్యాయం కాదు.